కాగితాల్లో అక్క

నవంబరు తొమ్మిది, సోమవారం. ఆ ఉదయం వాళ్ళు తిన్నది కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు. గుడ్లు రెండే ఉన్నాయి, మనుషులు ముగ్గురు. టైమ్‌కీపరుకు ఆ తేదీ ఇప్పటికీ గుర్తుండటానికి అదొక కారణం.

"నాకు గుడ్డు పడదు," అంటూ వదిన తన పళ్ళెం పక్కకి జరిపింది.

"మొన్న శనివారం పడిందిగా, వదినా?"

"శనివారం వేరు, మరిదిగారూ."

శనివారం ఇంట్లో అరడజను గుడ్లు ఉన్నాయి. టైమ్‌కీపరుకు ఆ సంగతి తట్టలేదు. ఆయన కళ్ళు బల్ల మీద పరిచిన కాగితాల మీదే ఉన్నాయి.

బస్సు డిపోలో ముప్ఫై అయిదేళ్ళు వచ్చే బస్సు, పోయే బస్సు వేళలు రాసిన మనిషి ఆయన. పదవి పోయినా పేరు పోలేదు, వీధిలో అందరికీ ఇంకా టైమ్‌కీపరే. భార్య లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. వదిన అంటే భార్యకు సొంత అక్క. పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా వాళ్ళ ఇంట్లోనే ఉంటూ, బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర పనిచేసింది. నిలబడి చేసే పని. ఆ నిలబడటం ఇప్పుడు మోకాళ్ళలో ఉంది. ఇల్లేమో రెండో అంతస్తులో ఉంది. వదిన మెట్టు మెట్టుకీ ఆగి, అలుపు కనిపించకుండా కిటికీలోంచి ఎవరినో చూస్తున్నట్టు నిలబడేది.

ఈ చలి ఆమెకు మంచిది కాదని డాక్టరు చెప్పాకే ముగ్గురూ కలిసి ఆలోచించారు. సముద్రం అవతల ఎండ కాసే దేశంలో, మెట్లు లేని చిన్న ఇల్లు ఒకటి అద్దెకు మాట్లాడుకున్నారు. అక్కడ ఆమె మోకాళ్ళకు ఆపరేషన్ చేయించాలి, మిగిలిన రోజులు అక్కడే గడపాలి. ఇంకో అయిదు వారాల్లో ప్రయాణం. ఆరోగ్య బీమా కాగితం లేనిదే ఆ దేశంలో ఉండనివ్వరు. మిగిలిన పని అదొక్కటే.

ఆ ఒక్క పనే ఆయనను మూడు వారాలుగా తింటోంది. మూడు పాలసీలు, ఒక్కో దానికి నలభై పేజీలు. ఒకదాంట్లో మోకాలు ఉంది గాని పళ్ళు లేవు. ఇంకోదాంట్లో పళ్ళూ కళ్ళూ ఉన్నాయి, మోకాలు లేదు. మూడోదాంట్లో అన్నీ ఉన్నాయి గాని, ఏది ఎప్పుడు వర్తించదో చెప్పే పేజీ చదివితే ఏదీ లేనట్టే అనిపిస్తుంది.

"ఏవండీ, బస్సుల టైము టేబులు వేసిన మనిషికి ఇది అర్థం కాదా?" అంది భార్య.

"బస్సు వస్తుంది, పోతుంది. ఇది వచ్చిందో పోయిందో కూడా తెలియడం లేదు, టీచరమ్మా. తలకాయ గిర్రున తిరుగుతోంది."

"తిరిగితే అది ముందునుంచీ ఉన్న జబ్బు కింద రాసేస్తారు, జాగ్రత్త," అంది వదిన. ముగ్గురూ నవ్వారు.

పది గంటలకు ఇన్సూరెన్స్ అమ్మాయి ఫోన్ చేసింది. ఆ పిల్లకు ఓపిక ఎక్కువ. ఆయన ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగినా నాలుగుసార్లూ కొత్తగా విన్నట్టే చెప్పేది. మోకాళ్ళున్న పాలసీ ఖాయం చేశారు. ఏడాది ఆగితే ఆపరేషన్ కూడా అందులోనే అయిపోతుంది. పాస్‌పోర్టుల్లోని పుట్టిన తేదీలు ఆయన ఒక్కొక్కటే చదివాడు. ఆ పిల్ల అవతల అవి రాసుకుంది.

"సార్, మీకు అరవై తొమ్మిది, సరిపోతుంది. మీ వదినగారికి అరవై ఎనిమిది, బాగుంది. మేడమ్‌గారికి డెబ్బై ఒకటి. డెబ్బై దాటినవాళ్ళను కొత్తగా చేర్చుకోరు సార్."

టైమ్‌కీపరు తల పట్టుకున్నాడు. ఇంట్లో అందరికీ తెలిసిన పాత సంగతే అది. తెలిసీ మరిచిపోయిన సంగతి. పుట్టుకలో అక్క పెద్ద, కాగితాల్లో చెల్లెలు పెద్ద. చిన్నప్పుడెప్పుడో ఇద్దరి జనన కార్డులూ తారుమారయ్యాయి. ఆ కార్డుల మీద పేర్లుండవు. 'ఆడ శిశువు' అని, తండ్రి పేరు, తేదీ, అంతే. పెళ్ళి రిజిస్టరు చేసిన గుమాస్తా, పెళ్ళికూతురు పెళ్ళికొడుకు కన్నా రెండేళ్ళు పెద్దదని చూసి కళ్ళజోడు పైనుంచి తన మీద జాలిపడ్డాడని ఆయన అందరికీ చెప్పి నవ్వించేవాడు.

"అమ్మా, అది నిజం వయసు కాదమ్మా. నిజానికి మా ఆవిడకే అరవై ఎనిమిది. వదినకు డెబ్బై ఒకటి."

"సార్, కంపెనీకి పాస్‌పోర్టులో ఉన్నదే వయసు. అది మార్పించుకుంటే మేమూ మారుస్తాం, లేకపోతే లేదు. డెబ్బై దాటినవాళ్ళకు వేరే పాలసీ ఉంది. ఆసుపత్రిలో మంచం ఎక్కితేనే ఇస్తారు. మందులు, డాక్టరు ఫీజు, ఆపరేషన్లు రావు. అక్కడ ఉండటానికి మాత్రం ఆ కాగితం చాలు."

భార్య వింటూనే లేచింది. "అరవై ఎనిమిదేళ్ళదాన్ని, నాకు మంచం పాలసీ ఏమిటండీ? ఎవడో గుమాస్తా చేసిన తప్పుకి ఉద్యోగంలోంచి మూడేళ్ళు ముందే పంపించేశారు. పిల్లలు పరీక్షల్లో ఉండగా పూలదండ వేసి వెళ్ళమన్నారు. అదీ చాలక ఇప్పుడు ఇదా? ఈసారి ఊరుకోను. తేదీ మార్పించుకునే తీరతాను."

"మార్పించుకో, చిన్నీ," అంది వదిన వెంటనే. "ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు, నేను పెడతాను."

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ జననాల రిజిస్టరు ఆఫీసుకు వెళ్ళింది. కౌంటరులోని ఉద్యోగి మొదట విసుక్కున్నాడట. తర్వాత తనే లేచి వచ్చి ఆవిడకు కుర్చీ వేసి, ఫారం ఎలా నింపాలో చెప్పాడట. రక్తసంబంధీకుల్లో పెద్దవాళ్ళు ఒకరు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పొరపాటు రుజువైతే ఇద్దరి తేదీలూ సరిచేస్తారు. నెల లోపే కొత్త కాగితాలు.

ఆ సాయంత్రం ముగ్గురూ మళ్ళీ ఆ బల్ల చుట్టూనే కూర్చున్నారు. వదిన కళ్ళజోడు తుడుచుకుని కలం తీసుకుంది. టైమ్‌కీపరు పాత అలవాటు కొద్దీ ఓ చీటీ మీద ముగ్గురి వయసులూ రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. రాసినవాడు హఠాత్తుగా ఆగిపోయాడు.

"ఒక్క నిమిషం. ఇద్దరి తేదీలూ మారితే వదినకు డెబ్బై ఒకటి అవుతుంది. అప్పుడు మంచం పాలసీ వదినకు వస్తుంది. మరి మోకాళ్ళు?"

టీచరమ్మ మొహం పాలిపోయింది. లెక్కలు చెప్పిన మనిషి. ఆ చిన్న లెక్క కోపంలో తనకు తట్టనే లేదు.

వదిన మాత్రం తల ఎత్తలేదు. "నిన్ననే అనుకున్నాను. నా సంగతి వదిలేయండి. ఇక్కడే కింది అంతస్తులో ఓ గది చూసుకుంటాను. మీరిద్దరూ వెళ్ళండి. అయినా నాకు సముద్రం పడదు."

"పడదా?" అంది టీచరమ్మ.

"పడదు."

"సముద్రం చూశావా నువ్వెప్పుడైనా?"

వదిన ఫారం దగ్గరికి లాక్కుంది. టైమ్‌కీపరుకు ఆ క్షణంలో పళ్ళెంలోని గుడ్డు గుర్తొచ్చింది. ఇంట్లో ఏది తక్కువైతే అది ఈ మనిషికి పడదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా పడటం లేదు. ఇవాళ దాకా ఆయన ఆ మాటలన్నీ నమ్మాడు.

"నీ మోకాళ్ళ కోసం మొదలుపెట్టిన ప్రయాణంలో నిన్ను వదిలేసి మేం వెళ్ళడమేమిటి? నీకు మతి పోయిందా, అక్కా?"

"అరవకు. సంతకం పెట్టనీ." వదిన ఫారం మీదకి వంగి ఒకటి, రెండు, మూడు గళ్ళు నింపింది. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. 'పొరపాటు ఎలా జరిగినదో వివరించవలెను' అని ఉంది అక్కడ. కింద చిన్న అక్షరాల్లో, పైన రాసినదంతా నిజమని ప్రమాణం.

"రాయి. గుమాస్తా తారుమారు చేశాడని రాయి. నువ్వే కదా నాకు చెప్పావు," అంది టీచరమ్మ.

కలం కదలలేదు.

"అలా రాయలేను, చిన్నీ. ప్రమాణం చేసి అబద్ధం రాయలేను."

"అబద్ధమేమిటి?"

"పొరపాటు కాదది."

టీచరమ్మ భర్త వైపు చూసింది. ఆయనకూ ఏమీ అర్థం కాలేదు.

"నీకు పదిహేనేళ్ళు," అంది వదిన. ఆమె మాట్లాడుతున్నది వాళ్ళతోనో ఫారంతోనో తెలియడం లేదు. "స్కూలు అయిపోయింది. టీచర్ ట్రైనింగులో చేరాలంటే పద్దెనిమిది నిండాలన్నారు. మూడేళ్ళు ఖాళీగా ఉంచడం దేనికి, కుట్టుషెడ్డులో పెట్టేస్తానన్నాడు నాన్న. నేను అప్పటికే షెడ్డులో ఉన్నాను. అందులోకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ పుస్తకం పట్టరని నాకు తెలుసు. నాకు పద్దెనిమిది నిండాయి. వాటితో నాకేం పని? రెండు కార్డులూ పెట్టెలో ఉండేవి, దేని మీదా పేరు లేదు. దరఖాస్తుకి నా కార్డు కుట్టి పంపించాను. నువ్వు అడిగితే గుమాస్తా మీద తోసేశాను. పాపం, ఆ గుమాస్తాని నువ్వు యాభై ఏళ్ళుగా తిడుతున్నావు."

"నాన్నకు తెలుసా?"

"తెలిసేసరికి నువ్వు ట్రైనింగులో చేరిపోయావు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నీకు కొత్త చెప్పులు కొనుక్కొచ్చాడు."

టీచరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. పెదవులు కదులుతున్నాయి. లెక్క వేస్తోందని టైమ్‌కీపరుకు తెలుసు. క్లాసులో కష్టమైన లెక్క వచ్చినప్పుడు కూడా అలాగే చేసేదని పిల్లలు చెప్పేవాళ్ళు.

"మూడేళ్ళు ముందు పంపించేశారని ఏడ్చాను. మూడేళ్ళు ముందు చేరానని ఎవరూ చెప్పలేదు." ఆమె అక్క వైపు తిరిగింది. "మరి నువ్వు? ఫ్యాక్టరీలో నా కార్డే ఇచ్చావు కదా. అందరినీ అరవైకి పంపిస్తే నిన్ను..."

"అరవై మూడుకి. అయితే ఏమైంది?"

"మూడేళ్ళు ఎక్కువ నిలబడ్డావు."

"కూర్చోబెట్టి కత్తిరించనివ్వరు మరి," అంది వదిన నవ్వబోతూ.

"నీ మోకాళ్ళు ఎప్పటినుంచి పోయాయక్కా? నాకు గుర్తుంది. ఆ ఆఖరి మూడేళ్ళలోనే. సాయంత్రం వచ్చి గుమ్మంలో కూర్చుండిపోయేదానివి. ఇంత ముసలితనంలో ఇంకా ఎందుకు చేస్తావు, మానేయరాదూ అని కసిరాను కూడా." టీచరమ్మ రెండు చేతులతో అక్క మోకాళ్ళు పట్టుకుంది. అంత పెద్ద మనిషి, పిల్లల్ని గడగడలాడించిన మనిషి, ఆ మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఛ, లే. మరిదిగారు చూస్తున్నారు."

"నేను చూడటం లేదు వదినా," అన్నాడు టైమ్‌కీపరు. నిజంగానే ఆయనకేమీ కనిపించడం లేదు. కళ్ళజోడు మసకబారిపోయింది.

కాసేపటికి టీచరమ్మ లేచి మొహం కడుక్కుని వచ్చింది. ఫారం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. చింపలేదు. డ్రాయరులో పడేసింది.

"తేదీలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. మోకాళ్ళ పాలసీ అక్కకి. ఏవండీ, ఆ అమ్మాయికి చెప్పండి, మంచం పాలసీ నాకు."

"చిన్నీ! అందులో డాక్టరు ఫీజు కూడా రాదు. రేపు నీకు ఏ జ్వరమో వస్తే?"

"జ్వరం వస్తే నా పెన్షను ఉంది, మందు కొనుక్కుంటాను. ఆపరేషన్ పెన్షనుతో అయ్యేది కాదు."

"నేను ఒప్పుకోను. పెద్దదాన్ని, చెబుతున్నాను."

"పెద్దదానివా? ఏ కాగితంలో?" టీచరమ్మ పాస్‌పోర్టులు రెండూ అక్క ముందు పెట్టింది. "ఇదిగో, చూసుకో. పెద్దదాన్ని నేను. ఇన్నేళ్ళూ అక్కగా నువ్వున్నావు, చాలు. కాగితాల్లోనైనా ఒక్కసారి నన్ను అక్కగా ఉండనీ. ఎదురు చెప్పకు, చిన్నీ."

చెల్లెలు తనను అలా పిలిచేసరికి వదిన ఉలిక్కిపడింది. ఏదో అనబోయి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో టైమ్‌కీపరుకు తెలియలేదు. మూడు వారాలుగా ఆయనకు చాలా విషయాలు తెలియలేదు గాని, తెలియకపోయినా ఫరవాలేదనిపించింది ఇదొక్కటే.

ఆయన ఫోన్ చేశాడు. ఆఫీసు వేళ దాటిపోయినా ఇన్సూరెన్స్ అమ్మాయి ఎత్తింది. అంతా విని, "సార్, మేడమ్‌గారిది మార్పించుకుంటారన్నారుగా?" అని అడిగింది.

"లేదమ్మా. మా ఇంట్లో వయసులు సరిగ్గానే ఉన్నాయట. నేనే తప్పు లెక్కపెట్టాను."

ఆ రాత్రి భోజనానికి గుడ్లు నాలుగు ఉడికించారు. టీచరమ్మ రెండు తీసి అక్క పళ్ళెంలో వేసింది. వదిన 'ప...' అని మొదలుపెట్టింది. చెల్లెలు గరిటె పట్టుకుని చూస్తోంది. వదిన మారు మాట్లాడకుండా రెండూ తినేసింది.

పడుకునే ముందు ఇల్లంతా తిరిగి పొయ్యి, కుళాయి, గడియ చూసుకోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ వదిన పని. మోకాళ్ళు పట్టేసిన రోజుల్లో కూడా గోడ పట్టుకుని తిరిగేది. ఆ రాత్రి ఆమె మంచం మీంచి కాళ్ళు కింద పెట్టబోతుంటే టీచరమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఎక్కడికి?"

"తలుపు..."

"పడుకో. నేను చూస్తానుగా."

వదిన ఒక్క క్షణం తటపటాయించి, కాళ్ళు మళ్ళీ దుప్పట్లోకి లాక్కుంది. టీచరమ్మ పొయ్యి చూసింది, కుళాయి బిగించింది. తర్వాత వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, లోపల పడుకున్న మనిషికి మెలకువ రాకుండా, చప్పుడు కాకుండా గడియ పెట్టింది.