తలుపు వేసి పరిచిన నేల

"పలక తిరగేసి పెట్టారు, మేస్త్రీగారూ."

ఆమె అన్న ఆ 'గారూ' మర్యాద కోసం కాదని గోడలకి కూడా తెలుసు.

మేస్త్రీగారు నిజానికి మేస్త్రీ కాదు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని పక్కవాళ్ళ తప్పులు పట్టే ఉద్యోగం. ఈ ఇంటావిడకి స్వయానా తమ్ముడు. "లామినేట్ ఫ్లోరింగా? దానికి మనిషిని పిలవడమేంటి బావా! పలక పక్కన పలక పెట్టి నొక్కితే టక్కున పడుతుంది. నేనున్నాగా," అని భోజనాల దగ్గర కోతలు కోశాడు. కోసినవాడే పరచాలని ఇంటాయన తీర్పు చెప్పి, సాయంగా తన చెల్లెల్ని పంపాడు.

"వాళ్ళిద్దరికీ క్షణం పడదు. కబుర్లు పెట్టుకోరు, పని తొందరగా అవుతుంది," అన్నాడు భార్యతో. మనుషుల్ని చదవడంలో తనంతవాడు లేడని ఆయన నమ్మకం. ఆయన కళ్ళముందే ఆ ఇద్దరూ ప్రేమించుకున్నారు, ఆయన కళ్ళముందే విడిపోయారు. ఆయనకి రెండూ తెలియవు.

ఇంతకీ ఈ హడావిడి ఎందుకంటే, మర్నాడు ఆ చెల్లెలి కోసం ఒక సంబంధం వాళ్ళు వస్తున్నారు. నచ్చితే మాట ఖాయం చేసుకునే వెళ్తారట. వాళ్ళని పాత సిమెంటు నేల మీద కూర్చోబెట్టడం ఇంటాయనకి నామోషీ. అంచేత, తను ప్రేమించిన పిల్లని ఇంకొకడు వచ్చి చూసుకునే గదికి మన వీరుడు స్వహస్తాలతో నేల పరుస్తున్నాడు. జాలిపడేవాళ్ళు ఉంటే పడొచ్చు. నాకైతే జాలి వెయ్యలేదు.

"తలుపు వెయ్యి," అందామె.

"ఎందుకు?"

"దుమ్ము హాల్లోకి వెళ్తుందని వదినకి చెప్పాను. అసలు సంగతి, నేను నిన్ను తిట్టాల్సినవి చాలా మిగిలాయి."

తలుపు పడింది. పని తలుపు వైపు గోడ నుంచి మొదలైంది. కింద ఫోమ్ షీట్, దాని మీద పలకలు, పలక అంచులో పలక అంచు. గోడకీ పలకకీ మధ్య అతను చిన్న చిన్న చెక్కముక్కలు దోపుతున్నాడు.

"ఇవెందుకు?"

"సందు వదలాలి. వానలకి ఇది కాస్త ఉబ్బుతుంది. చోటు లేకపోతే మధ్యలో పైకి లేస్తుంది," అన్నాడు. పొద్దున ఫోన్లో చూసిన వీడియోలో విన్నదే, తను కనిపెట్టినట్టు చెప్పాడు.

"అబ్బో. పలకకి ఏం కావాలో తెలుసు. మనిషికి ఏం కావాలో మాత్రం తెలీదు."

"నేను చెప్పనన్నానా? సమయం చూసి చెప్తానన్నాను."

"బావకి ప్రమోషన్ రానీ అన్నావు. వచ్చింది. అక్కకి ఒంట్లో బాగవనీ అన్నావు. అయింది. వానలు తగ్గనీ అన్నావు! మా అన్నయ్యకి మన సంగతి చెప్పడానికీ వానలకీ ఏంటి సంబంధం? ఆయనేమన్నా గొడుగేసుకుని వింటాడా?"

అతను నీళ్ళు నమిలాడు. ఆ విద్యలో మాత్రం అతనికి వీడియోలు అక్కర్లేదు.

"మీ అన్నయ్య ఎదురుగా నిలబడితే నాకు నోరు పెగలదు. ఏం చెయ్యమంటావు?"

"మా అన్నయ్యా? బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కుతాడు."

బయట వాన మొదలైంది. ప్రేమికుల కోసం కురిసే వాన కాదు. పక్కింటివాళ్ళు ఆరేసుకున్న బట్టల మీద కురిసే మామూలు వాన. కిటికీ ఊచల్లోంచి జల్లు కొడుతుంటే ఆమె లేచి కిటికీ మూసింది, అతను ఆమె జడవంక చూశాడు, ఆమె తిరగ్గానే పలకవంక చూశాడు. చూపు తిప్పుకోవడంలో ఉన్న ఈ చురుకు నోరు విప్పడంలో ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"రేపు వచ్చే అతను ఎలాంటివాడట?" అన్నాడు, ఏదో వాతావరణం గురించి అడిగినట్టు.

"మాట్లాడతాడట. నాకది చాలు."

పలకని తట్టబోయిన సుత్తి వెళ్ళి బొటనవేలి మీద పడింది.

ఆమె ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఊదింది. రెండుసార్లు ఊదాక తామిద్దరూ విడిపోయిన సంగతి గుర్తొచ్చి, ఆ చేతిని అక్కడే వదిలేసింది.

ఆ తర్వాత పని చకచకా సాగి కిటికీ గోడ దాకా వచ్చింది. చెప్పకేం, నేల బాగానే కుదిరింది. అతను రొమ్ము విరుచుకుని వెళ్ళి తలుపు పిడి తిప్పి లాగాడు.

రాలేదు.

"లాగు."

"లాగుతున్నా."

ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. కొత్త నేల తలుపు కింది అంచు కన్నా ఎత్తు లేచింది. మొదటి వరస పలక అంచు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ముందే తలుపు కింద కొంచెం కొయ్యాలని వీడియోలో చెప్పలేదా?"

"చెప్పే ఉంటాడు. అక్కడ వీడియో కాస్త ముందుకి జరిపాను."

"నువ్వంతే. అసలు ముక్క దగ్గరే ముందుకి జరుపుతావు."

అడ్డొచ్చిన పలక తీయాలంటే కిటికీ దగ్గర్నుంచి అన్నీ ఊడదీసుకుంటూ రావాలి. చప్పుడు విని ఇంటాయనా ఇంటావిడా అవతలికి వచ్చారు. సంగతి తెలిసి ఇంటాయన చాలాసేపు నవ్వాడు.

"బావా, తలుపు బందుల్లో ఇనప పుల్లలు కొట్టి తీసేస్తున్నా. చెప్పగానే మీరు అటునుంచి పైభాగం నెట్టండి. వంచి ఎత్తి తీసేస్తా," అన్నాడు మేస్త్రీ.

పుల్లలు ఒక్కొక్కటే ఊడి పడ్డాయి. తలుపు ఊగుతోంది. అతను రెండు చేతులూ దానికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"నెట్టనా?"

"ఆగండి బావా. రేపు వాళ్ళని రావద్దనండి. మీ చెల్లెలంటే నాకిష్టం. తనకీ నేనంటే ఇష్టమే. మీతో చెప్పకుండా నాన్చుతున్నానని నన్ను వదిలేసింది."

అతను గెలిచి వచ్చినవాడిలా ఆమెవైపు తిరిగాడు.

"చెప్పేశాను!"

"ఎవరికి? తలుపుకి. తలుపు పిల్లనివ్వదు."

"ఇదన్యాయం."

"ఎదురుగా నిలబడి చెప్పు. అప్పుడు చూద్దాం."

ఇంతలో అవతలినుంచి దబ్బున ఒక్క తోపు. చెప్పేదాకా ఆగలేదు ఇంటాయన. తలుపు వంగి అతని మీదకొచ్చింది. ఎలాగో పైకెత్తి లోపలికి లాగి నిలువునా పట్టుకున్నాడు. అటు బావ, ఇటు తను, మధ్యలో తలుపు. దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఆమెకి భయం వేసింది. ఈ మనిషి ఆ తలుపు వెనకే ఉండిపోతే రేపు తను ఇంకెవరికో తలూపాలి. అరిచి బయటికి లాగాలనిపించింది. పెదవి కొరుక్కుని నిలబడింది.

తలుపు మెల్లగా పక్కకి జరిగి గోడకి ఆనింది.

"బావా," అన్నాడతను. "మీ చెల్లెల్ని నాకివ్వండి. మీరంటే భయపడి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడూ భయంగానే ఉంది."

ఇంటాయన మొహం ఎర్రబడింది. భార్యవైపు తిరిగాడు. "నీకు తెలుసా ఇది?"

"నాకేం తెలుసు? క్షణం పడదన్నది మీరేగా."

ఆయన ఇంక అటు చూడలేదు. చెల్లెల్ని అడిగాడు. "నువ్వేమంటావు?"

ఆమె అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. వాచిన వేలు, జుట్టునిండా రంపపు పొట్టు.

"ఇంత పిరికివాణ్ణి నేనెక్కడా చూడలేదన్నయ్యా," అంది. "అయినా నాకు వీడే కావాలి."

ఇంటాయన చెప్పులు గుమ్మం అవతలే విడిచి, లోపలికి వచ్చి, కొత్త నేల మీద అటూ ఇటూ నడిచాడు. మడమతో ఒకసారి నొక్కి చూశాడు.

"వాళ్ళకి నేను ఫోన్ చేస్తాను," అన్నాడు చివరికి. "రేపు మీ అమ్మానాన్నల్ని రమ్మను. గది ఎలాగూ సిద్ధమైంది."

ఇంటావిడ సంబరంగా ఫోన్ తీసింది.

"ఇటివ్వక్కా," అని మేస్త్రీ చెయ్యి చాచాడు. "అమ్మకి నేను చెప్తాను."