బొల్లికాకుల సాక్ష్యం

"చంపిన మనిషి! చంపిన మనిషి!" అని గోడమీది కూతపలక అరిచేసరికి నూకాలు గంటె కింద పెట్టేసింది. మొగుడు గవర్రాజు మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడన్నమాట. తొమ్మిది రోజులుగా ఇదే వరస. పన్నెండేళ్ళ కూతురు లోవ కంచం ముందునుంచి తలెత్తలేదు.

కూతపలకలు వచ్చాక ఆ లోయలో తలుపులకు గొళ్ళాలు పెట్టడం మానేశారు. నలుపూ తెలుపూ కలిసిన బొల్లికాకులు భూమ్మీద ఆ ఒక్క లోయలోనే బతుకుతాయి; వాగు దాటితే ఒక్కటంటే ఒక్కటి కనబడదు. గుంపుగా తిరుగుతాయి, ఒకసారి చూసిన మొహం మరచిపోవు. వాటి కూతల్ని పలక తెలుగులో చెబుతుంది. దొంగ వచ్చినా, చిరుత వచ్చినా అవే ముందు పసిగడతాయి. మనుషులైతే అబద్ధమాడతారు గానీ, పిట్టలకేం పట్టింది!

సరిగ్గా తొమ్మిది రోజుల కిందటే అడవి కాపలా చేసే సింహాద్రి కనబడకుండా పోయాడు.

"ఒట్టే నూకాలూ, ఆవేళ పెరట్లో చచ్చిపడున్న బొల్లికాకిని పాతిపెట్టాను. అంతే," అన్నాడు గవర్రాజు లోపలికొస్తూ.

"పాతిపెట్టినోడిని పిట్టలెందుకు తిడతాయి మావా?"

అతను తల దించుకున్నాడు. ఆమెకు ఆ రుజువు చాలు. పదిహేనేళ్ళు కాపురం చేసిన మనిషి పక్కన కూర్చోడానికే భయమేసింది. మధ్యాహ్నం ఊరి పెద్దలు అడిగితే "నాకూ అనుమానంగానే ఉంది" అనేసింది. సాయంత్రానికల్లా అతన్ని ఊరినుంచి వెలేసి వాగు దాటించేశారు.

మర్నాడు పెరట్లో మరో బొల్లికాకి చచ్చి పడుంది. ఊళ్ళో మిగతావాళ్ళు చీపురుతో అవతలికి తోసేస్తారు గానీ, గవర్రాజు ఇంటివాళ్ళకు పట్టింపు: పెరట్లో పోయిన ప్రాణిని పసుపుగుడ్డలో చుట్టి పాతాల్సిందే. ఉడత పోయినా, పిల్లి పోయినా ఎప్పుడూ అతనే చేసేవాడు; బొల్లికాకి పోవడం మాత్రం ఈమధ్యే మొదలు. ఇవాళ నూకాలు రెండు చేతులా ఎత్తుకుంది.

ఎక్కణ్ణుంచి వచ్చాయో, చెట్టు నిండా కాకులే.

"చంపిన మనిషి! చంపిన మనిషి!" ఇంటింటి పలకా ఒక్కసారే మొదలెట్టింది.

ఓరి నాయనో! పీనుగ ఎవరి చేతిలో కనబడితే వాళ్ళే చంపారనుకుంటున్నాయా ఈ వెర్రి పిట్టలు! నూకాలు గుండెలు బాదుకుంటూ ఇంట్లోకి పరుగెత్తింది.

"లోవా! మీ నాన్న ఏ పాపం ఎరగడే! పద, తీసుకొచ్చేద్దాం!"

లోవ పలక వంక చూసింది, తల్లి చేతుల వంక చూసింది. వెనక్కి వెనక్కి జరుగుతూ గోడకి అంటుకుపోయి, మెల్లగా అడిగింది.

"సింహాద్రి బాబాయిని మీరిద్దరూ కలిసే చంపారా అమ్మా?"