ఆరిన మూల

గ్యాలరీ వెనకవైపు సామాన్లు మోసే లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది. ఆపినవాడు ఫైర్ ఇన్‌స్పెక్టర్ యూనిఫామ్‌లో ఉన్నాడు.

"ఎక్కడైనా మంటలున్నాయా?"

"పొగే తప్ప మంట లేదు సార్," అన్నాడు సుత్తి పట్టుకున్న మనిషి.

కోడ్ కుదిరింది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి సీక్రెట్ సర్వీస్ చీఫ్ అయ్యాడు. సుత్తి మనిషి కొన్నాళ్ళుగా ఆ గ్యాలరీలో బొమ్మలు తగిలించే పనివాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని మేకు అంటారు. ఒకసారి దిగితే ఊడి రాడని ఆ పేరు.

"సూది ఫోటో వాళ్ళకి చిక్కింది," అన్నాడు చీఫ్.

సూది అంటే మేకు సొంత తమ్ముడు. విదేశీ ముఠాలో వాళ్ళ మనిషిలా కలిసిపోయి, వాళ్ళ గుట్టు ఇక్కడికి చేరవేస్తున్నవాడు.

"మన ఆఫీసు గుమ్మం దిగుతుంటే తీశాడొకడు. వాణ్ణి పట్టుకున్నాం కానీ ఫిల్ము అప్పటికే చేతులు మారింది. ఫోనూ నెట్టూ మనం వింటామని, ఆ గోరంత ముక్కని ఇక్కడి ఐదు బొమ్మల్లో ఒకదాంట్లో రంగు కింద దాచారు. ఐదూ కొన్నది ముఠా బాసే. మధ్యాహ్నం విమానమెక్కుతాయి."

"ఆపేద్దాం సార్."

"ఆపితే? తమలో మనవాడొకడున్నాడని వాళ్ళకి తెలుసు. ఎవడన్నదే తెలీదు. బొమ్మలు రాకపోతే అనుమానమున్న ప్రతివాణ్ణీ లేపేస్తారు. మీ తమ్ముడూ అందులో ఉంటాడు." చీఫ్ జేబులోంచి ఒక ఫిల్ము, ఒక పెన్ను తీశాడు. "ఇందులో కూడా అదే గుమ్మం. దిగుతున్నది మాత్రం బాస్ కుడిభుజం, డిప్యూటీ. మనవాళ్ళని ముగ్గుర్ని పొట్టన పెట్టుకున్నవాడు. మా ల్యాబ్‌వాళ్ళ పనితనం. దాన్ని తీసి ఇది పెట్టు. మూడో కంటికి తెలియకూడదు. పెన్ను ఎక్స్‌రే."

"ఏ బొమ్మలో సార్?"

"మొదటిదని మేడమ్ చెప్పింది."

మేడమ్ ఆ గ్యాలరీ ఓనరు. అందగత్తె. ముఠా దగ్గరా జీతం తీసుకుంటుంది, చీఫ్ దగ్గరా తీసుకుంటుంది. ఆమె ఎవరికి నిజం చెబుతుందో ఆమెకే తెలియాలి.

ఆ ఐదు బొమ్మలూ ఒక్క చిత్రకారిణి చేతివే. ఏడాదికి అంతకు మించి వేయదు. రంగుని గరిటెతో వేలెడు మందాన మెత్తుతుంది. ఒక్కటి గోడ మీదుంటే జన్మ ధన్యమనుకునే కోటీశ్వరులు ఏళ్ళ తరబడి ఆమె గుమ్మం చుట్టూ తిరుగుతారు. ఆ నూనె రంగు ఆరాలంటే ఏడాది పడుతుంది. అందాకా ఆగలేక తడి బొమ్మే ఎత్తుకుపోతారు. పనిలో చేరిన రోజే మేకు చొక్కా చెయ్యి ఒక బొమ్మకి తగిలి నీలంగా మారితే, చిత్రకారిణి అతన్ని నలుగురిలో కడిగిపారేసింది. "ఏడాది దాకా ఆరదు. ముట్టుకోకూడదని చెప్పారా లేదా నీకు?"

హాల్లోకి జనం రాకముందే మేకు మొదటి బొమ్మ ముందు పెన్ను నొక్కాడు. లోపల ఏమీ కనిపించలేదు. రెండోదీ అంతే. చిత్రకారిణి వాడే తెల్లరంగులో సీసం ఉంటుంది, ఎక్స్‌రే సీసాన్ని దాటి పోదు. పెన్ను జేబులో పెట్టి, తెగించి మొదటి బొమ్మ అంచుల్ని గుండుసూదితో పొడిచి చూశాడు. ఎక్కడ గుచ్చినా తడి రంగే. మేడమ్ అబద్ధం చెప్పింది. మిగిలిన నాలుగింటినీ ఇలా పొడుస్తూ కూర్చుంటే విమానం ఆగదు. చిన్నప్పుడు చీకట్లో పడుకోవడానికి భయపడి తన చెయ్యి పట్టుకుని నిద్రపోయిన తమ్ముడే మేకు కళ్ళలో మెదులుతున్నాడు.

ఇంతలో తలుపులు తెరిచారు. బొమ్మలు కొనే కోటీశ్వరులూ, వాళ్ళ భార్యలూ, కెమెరాలవాళ్ళూ లోపలికొచ్చారు. మేడమ్ తెల్ల పట్టు గౌనులో తిరుగుతూ, "దూరంగా, దయచేసి దూరంగా, రంగు అంటుకుంటుంది," అని అందర్నీ నవ్వుతూ వెనక్కి నెడుతోంది. ఫోటోగ్రాఫర్ ఒక పోజు అడిగాడు. ఆమె నాలుగో బొమ్మ పక్కన నిలబడి, మోచెయ్యి దాని మూలకి ఆనించి నవ్వింది. ఫ్లాష్ వెలిగింది.

ఆమె పక్కకి తప్పుకున్నాక మేకు ఆ మోచేతినే చూశాడు. గౌను మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ మూల ఆరిపోయింది. ఆరిందంటే అది నూనె రంగు కాదు, గంటలో గట్టిపడే ప్లాస్టిక్ రంగు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆమె మోచెయ్యి భయపడలేదు. అంత గడుసు మనిషీ ఫోటో మోజులో పప్పులో కాలేసింది.

ప్యాకింగ్ రూములో నాలుగో బొమ్మ ముందు మేకు ఒంటరిగా కూర్చున్నాడు. గోరు దూర్చి లాగితే, కింది తడి మీద అతుక్కోని ప్లాస్టిక్ పొర పాల మీది మీగడలా లేచింది. దాని కింద ఫిల్ము. తీశాడు, కొత్తది పెట్టాడు, పొరని బొటనవేలితో అదిమాడు.

వెనక తలుపు తెరుచుకుంది. మేడమ్, ఆమె వెనకే చిత్రకారిణి.

గోడకెక్కిన బొమ్మ వైపు తిరిగి చూసే అలవాటు చిత్రకారిణికి లేదు. పెట్టెకెక్కేముందు మాత్రం ఒక్కసారి చూసుకుంటుంది. వంగి చూసింది. ఆవిడ వేలు సరిగ్గా ఆ మూలకే వెళ్ళింది.

"ఇదేమిటి? ఈ మెరుపు నా రంగుకి ఉండదే."

మేడమ్ నవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ఆ బ్యాగులో చిన్న పిస్టల్ ఉంటుందని మేకుకి తెలుసు. చిత్రకారిణి ఇంకో మాట అంటే ఆవిడా మిగలదు, బొమ్మా కదలదు, తమ్ముడూ దక్కడు.

"ముట్టుకోకండమ్మా," అన్నాడు. "ఏడాది దాకా ఆరదని మీరేగా చెప్పారు."

చిత్రకారిణి అతని మొహంలోకి చూసింది. ఆ కళ్ళు ఎందుకు బతిమాలుతున్నాయో ఆవిడకి తెలీదు. తర్వాత తన బొమ్మని చూసింది. ఎవరో చెయ్యి పెట్టి పాడుచేసిన బొమ్మ, తన సంతకంతో, తన పేరు మీద పోబోతోంది.

"వార్నిష్ వేసి మరిచిపోయినట్టున్నాను," అంది చివరికి. "వయసు మీద పడుతోంది. పంపించేయండి."

ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో మేకుకి కనిపించింది. వెళ్ళేటప్పుడు ఆవిడ వెనక్కి తిరగలేదు. మేడమ్ బ్యాగు క్లిప్పు టప్పున మూసుకుంది.

వారం తర్వాత అదే లిఫ్టు, అదే రెండంతస్తుల మధ్య ఆగింది. ఈసారి చీఫ్ లిఫ్టు రిపేరు మనిషి.

"డిప్యూటీ పని అయిపోయింది. బాసే స్వయంగా చూసుకున్నాడు."

"మావాడు సార్?"

"క్షేమం. ఈ ఉదయమే కబురొచ్చింది."

మేకు లిఫ్టు గోడకి జారగిలబడ్డాడు. ఆ వారంలో అతను తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు. "ఇంటికెప్పుడొస్తాడు సార్?"

చీఫ్ స్క్రూడ్రైవర్‌తో బిగిసే ఉన్న మరని మళ్ళీ బిగించాడు.

"ఇప్పట్లో కష్టం. డిప్యూటీ కుర్చీ ఖాళీ అయిందిగా, మీవాణ్ణి కూర్చోబెట్టారు. మనం ఆరేళ్ళుగా ఫైలు తిప్పుతున్న ప్రమోషన్ వాళ్ళు వారంలో ఇచ్చేశారయ్యా."