డ్రాగ్ ఎంత బిగించాలి?

ఘనపూర్ చెరువు దగ్గర ఆ రోజు మూడోసారి దారం ఫట్‌మని తెగింది. గాలంతో సహా చేప పోయింది. కట్ట మీద చేపలమ్మే యమున పకపకా నవ్వింది.

"మళ్ల గట్టిగ బిగించినవా?"

"బిగించకుంటే ఎట్ల ఆగుతది?" ఉడుక్కున్నాడు నరేశ్.

అతను బోరు మోటార్ల మెకానిక్. చేతికి నట్టు దొరికితే చివరిదాకా తిప్పందే తోచదు. కొత్త స్పిన్నింగ్ రీల్ మీద, దారం జారకుండా పట్టే డ్రాగ్ నాబ్‌నూ అలాగే తిప్పేశాడు.

ఎనిమిది ఆదివారాలుగా ఇదే తంతు. నిజానికి అతను వస్తున్నది యమున కోసం. ఆ మాట చెప్పే ధైర్యమే లేదు. రేపటి నుంచి ఆమెకు మహబూబాబాద్‌లో నౌకరి. ఇవాళ ఒక్క చేప పడితే చెప్పేద్దామనుకున్నాడు.

"రాడ్ పట్టుకో." కొత్త దారం కొసను యమున తన కొక్కెం కాంటాకు కట్టింది. "ఇది ఎన్ని కిలోలకు తెగుతది?"

"ఆరు."

"అయితే రెండు కిలోలకే రీల్ జారాలె."

నాబ్ వదులు చేసి కాంటాను లాగింది. ముల్లు రెండు మీదికి రాగానే రీల్ కిర్రుమని దారం వదిలింది.

"గిట్ల. గుంజేదాన్ని జర పోనియ్యాలె మెకానికూ, అలసినంక చుట్టుకోవాలె."

"నీకెట్ల తెలుసు?"

"పట్నపోళ్లు పట్టంగ చూసిన. నీ లెక్క పక్కోళ్ల మొఖం చూసుకుంట కూసోలే."

చినుకులు మొదలయ్యాయి. ఇంతలో రాడ్ వంగింది. రీల్ కిర్రుమంది. నరేశ్ చెయ్యి అలవాటుగా నాబ్ మీదికి పోయింది. యమున ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ముట్టకు! పోనియ్యి!"

దారం పోతుంటే నరేశ్‌కు ప్రాణం పోతున్నట్టే ఉంది. చేప అలిశాక గానీ ఆమె చెయ్యి వదల్లేదు. నాలుగు కిలోల రవ్వ చేప ఒడ్డున పడింది.

"యమునా... నేను చేపలు తినను."

"తెలుసు. నా దగ్గర కొన్నయన్నీ మీ పక్కింటి ఎల్లక్కకు ఇస్తున్నవ్ గదా. ఆమె మా మేనత్త."

నరేశ్ మొహం ఎర్రబడింది. "మరి ఎందుకొస్తున్ననో గూడ..."

"అది నువ్వే చెప్పాలె."

"నువ్వంటే ఇష్టం. పెండ్లి చేసుకుంట."

యమున తడిసిన చేపను అతని చేతుల్లో పెట్టింది. "గీ చేప నువ్వే తీస్కపోయి మా బాపుకియ్యి. ఒక్క చేప పట్టుడు రానోనికి పిల్లనెట్లిస్త అన్నడు. గందుకే గద ఇయ్యాల నేర్పిన!"