పరమేశ్ బొందలో పరాయివాడు

"పరమేశ్ ఇంకోసారి చావకుండా చూడాలి. అంతే నీ పని," అన్నాడు చీఫ్ సుధాకర్.

వికారాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూమ్. బయట ముసురు. ఏజెంట్ మహిధర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇంకోసారా?"

"ఒకసారి చచ్చాడు మరి."

బ్రీఫింగ్ మొదలైంది. పరమేశ్‌ది బషీరాబాద్ వైపు ఒక పల్లె. గొర్ల కాపరుల ఇల్లు. సముద్రం అవతల ఒక దేశంలో మంత్రిగారి డ్రైవర్‌గా చేరాడు. ఆ దేశం పేరు ఫైల్లో కూడా నల్ల సిరాతో కొట్టేశారు, మనకెందుకు. మంత్రి చేసిన హత్య డ్రైవర్ నెత్తిన పడింది. లాయర్ని ఇవ్వలేదు. విచారణంతా అతనికి రాని భాషలో. ఉరి ఖాయమయ్యాక జైలు వ్యాను బోల్తా పడితే తప్పించుకున్నాడు. ఆ మాట పైకి చెబితే తమ ఉద్యోగాలు ఊడతాయని జైలు అధికారులు ఇంకో ఖైదీని చంపేశారు. సీసపు పెట్టెలో పెట్టి, పరమేశ్ శవం ఇదేనని తాండూరుకి పంపారు. తల్లి బుగ్గమ్మ పెట్టె తెరవకుండానే బొందపెట్టింది.

చచ్చినోడి కండ్లు చారెడంటారు కదా. పరమేశ్ అంతటోడు, ఇంతటోడు అని ఊరంతా పొగిడింది. కొన్ని నెలలకు ఆ పరమేశే నడుచుకుంటూ ఇంటికొచ్చేసరికి పొగిడినవాళ్లందరూ నాలుక కరుచుకున్నారు.

"ఇప్పుడు ఆ దేశం వాళ్లు మా ఖైదీని అప్పగించండి అంటున్నారు. పరమేశ్ అరెస్టయి ఢిల్లీ జైల్లో ఉన్నాడు. పెట్టె సంగతి అడిగితే, మేమేదీ పంపలేదంటున్నారు. ఆ శవం కోర్టు ముందుకొస్తే అక్కడ న్యాయం ఎట్లా నడుస్తుందో జడ్జికి తెలుస్తుంది. రాకపోతే పరమేశ్ విమానం ఎక్కుతాడు. రేపు మన డాక్టర్లు తవ్వుతారు. వాళ్లకంటే ముందు శవాన్ని మాయం చెయ్యడానికి ఒక ముఠా దిగింది. అందులో మన మనిషి ఉంది. రచన. వాళ్ల కదలికలన్నీ నీకు చెబుతుంది."

"కోడ్?"

"ఫోన్లో జ్వరం తగ్గిందా అని అడిగితే, నీ మీద తుపాకీ ఉన్నట్టు. ఇది మనిద్దరి మధ్యే."

మహిధర్ గొర్ల బేరగాడి వేషంలో పల్లెకు చేరాడు. తలకు రుమాలు, రుమాల్లో కెమెరా. బుగ్గమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఈ వారంల నువ్వు మూడో బేరగానివి. ఒక్కడన్న గొర్రెను కొన్నడా? బువ్వ తిన్నవా సారూ?"

మహిధర్ రుమాలు విప్పేశాడు. బుగ్గమ్మ కంది చేను గట్టున సమాధి చూపించింది. తాండూరు బండ మీద పరమేశ్ పేరు చెక్కి ఉంది. బతికున్నవాడి పేరును మహిధర్ సమాధి మీద రెండుసార్లు చదివాడు.

"కలలకొస్తడు. నీళ్లడుగుతడు," అంది బుగ్గమ్మ. "ఆ మాట నాకు తెల్వది. గని నీళ్లే అని సమజైతది."

"ఎవరవ్వా?"

ఆమె గొర్ల వైపు నడిచింది.

మర్నాడు పొద్దున తెల్ల వ్యాను, వెనకే జేసీబీ వచ్చాయి. తెల్లకోట్లలో నలుగురు దిగారు. ముందు రచన. నల్ల కళ్లద్దాలు, ఖద్దరు చీర, చిరునవ్వు. సినిమా తార పొలం గట్టు మీదికి దారి తప్పి వచ్చినట్టుంది.

"డాక్టర్లు కాస్త ముందే వచ్చారు," అంది.

సర్కారు పని టైముకంటే ముందు మొదలవడం మహిధర్ తన సర్వీసులో చూడలేదు. చెయ్యి జేబులోకి పోయింది. అప్పటికే రచన పిస్టల్ అతని పక్కటెముకలకు ఆనింది.

"సారీ మహిధర్. రెండు జీతాల్లో వాళ్లదే పెద్దది."

బండ లేచింది. మట్టి లేచింది. సీసపు పెట్టె మూత తీశారు.

లోపల ఏమీ లేదు.

"ఎక్కడ దాచావు?" రచన గొంతు మారిపోయింది.

మహిధర్‌కి నిజంగానే తెలియదు. బుగ్గమ్మ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని కొంగు మెలిపెడుతోంది. ఈమెకు తెలుసు. రచన ఆ మొహం చూసిందంటే ముసలమ్మ ప్రాణం దక్కదు. అతనికి భయమేసింది.

"నేనే మార్చాను. వికారాబాద్ ఆసుపత్రి మార్చురీ."

"ఫోన్ చెయ్. స్పీకర్ పెట్టు."

"చీఫ్, జ్వరం తగ్గిందా?"

అవతల చీఫ్ గొంతు పలికింది. "తగ్గింది."

"మన పార్సిల్ మార్చురీలోనే ఉందిగా?"

"అక్కడే ఉంది. ఎవరూ ముట్టలేదు."

దారంతా వ్యానులో మహిధర్ ఖాళీ పెట్టె పక్కనే కూర్చున్నాడు. ఎవరో ఇందులో సముద్రం దాటి వచ్చాడు, పేరు కూడా తనది కాదు. ఆ ఆలోచన అతన్ని వదల్లేదు.

మార్చురీలో ఒకే ఒక స్ట్రెచర్, దాని మీద తెల్లగుడ్డ. తెల్లకోట్లు అటు పరుగెత్తాయి. రచన పిస్టల్ మహిధర్ కణతకు ఆనించింది.

"ఇక నీతో పని లేదు."

ఆమె వేలు బిగుసుకుంటుండగా గుడ్డ కింది శవం లేచి కూర్చుని ఆమె మణికట్టు మీద కాల్చింది. చీఫ్ సుధాకర్. గోడ వెనక నుంచి పోలీసులు దూకారు.

"చలికి నిజంగానే జ్వరం వచ్చేట్టుంది," అన్నాడు చీఫ్ గుడ్డ కప్పుకుంటూ. "ఇంతకీ శవం ఎక్కడ?"

"నాకూ తెలియదు సార్."

పల్లెలో అసలు డాక్టర్లు ఖాళీ గుంత దగ్గర నిలబడ్డారు. వాళ్లు ఉత్తచేతులతో పోతే పరమేశ్ పనైపోయినట్టే. మహిధర్ తిరిగొచ్చి బుగ్గమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, గాయన ఏడున్నడు?"

ఆమె కళ్లు నిండాయి. "అందరు నా కొడుకునే అడుగుతుండ్రు. గా పిలగాణ్ని ఒక్కలన్న అడిగిండ్రా? నువ్వే అడిగినవ్."

అప్పుడు చెప్పింది. బొందపెట్టిన మూడో రోజు, కాకి తినాలని పిట్టకు పెట్టినప్పుడు పరమేశ్‌కి ఇష్టమని తలకాయ కూర, జొన్నరొట్టె, కల్లు పెట్టారు. ఎంత మొక్కినా కాకి ముట్టలేదు. కొడుకు బతికి వచ్చాక ఆమెకు సంగతి అర్థమైంది.

"ఇంకొకని పేరు మీద పెడితె ఎట్ల తింటడు? బండ కింద ఒక్కడే ఉంటె బుగులు గాదా? నేను, మా మరిది కలిసి మా ఇంటాయన బొంద పక్కకు మార్చినం. 'నీకేమిష్టమో తెల్వది నాయనా, గిది తిను' అని పప్పన్నం పెట్టిన. జరసేపటికే కాకొచ్చింది."

"చూపిస్తవా అవ్వా?"

"చూపిస్త. గని మాటియ్యి. ఎవ్వలో, ఏ ఊరో కనుక్కొని వాళ్లమ్మకు జెప్పాలె. నా కొడుకు నాకొచ్చిండు. ఆమె ఇంకా వాకిట్లనే కూసుందేమో."

మహిధర్ ఆమె చేతిలో చెయ్యి వేశాడు.

డాక్టర్లు తవ్వారు. కుర్రవాడే. రెండు చేతుల వేళ్లూ విరిగి ఉన్నాయి. పరమేశ్ పేరుతో చచ్చిన ఆ మనిషి రిపోర్టు చదివి ఢిల్లీ జడ్జి మళ్లీ మొదటి పేజీ తీశాడట. ఆ తర్వాత పరమేశ్‌ని అప్పగించేది లేదని తీర్పు చెప్పాడు. పరమేశ్ ఇంటికొచ్చి ముందు తండ్రి పక్కనున్న మట్టికి దండం పెట్టాడు. ఆ చావు తనదని అతనికి తెలుసు.

నెల తిరక్కుండా మహిధర్ సెలవు చీటీ చీఫ్ బల్ల మీద పెట్టాడు.

"ఎక్కడికి?"

"చెప్పలేను సార్."

"ఎన్నాళ్లు?"

"చెప్పలేను."

గూఢచారులు ఇట్లాగే మాట్లాడతారని చీఫ్ సంతకం పెట్టేశాడు. ఆ కుర్రవాడి తల్లి ఏ ఊరి వాకిట్లో కూర్చుందో ఈసారి మహిధర్‌కి నిజంగానే తెలియదు.