కొలతకు రాని గోడ

ఆమె ఇరవై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, నడుమునొప్పి వల్ల మానేసింది. ఇళ్ళకు విలువ కట్టే పని నేర్చుకుంటానంటే భర్త నవ్వి ఊరుకున్నాడు. తీరా ఆమె టేపు పట్టుకుని సొంత ఇంట్లోనే సాధన మొదలుపెట్టేసరికి అతని ముఖం మాడిపోయింది. ఇన్ని ఇళ్ళుండగా మన ఇల్లే దొరికిందా అని విసుక్కున్నాడు. ఆమె పడకగది వైపు వెళ్తే చాలు, ఏదో వంకతో వెనకే వచ్చేవాడు.

నిప్పు లేనిదే పొగ రాదు కదా! ఆమెలో అనుమానం మొలకెత్తింది. తను అతనికి రెండో భార్య. మొదటావిడ విషజ్వరంతో పోయిందని పెళ్ళికి ముందే చెప్పాడు. ఆపైన ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు. పిల్లల ఊసెత్తినా అంతే... మనకెందుకా జంజాటం అని లేచి వెళ్ళిపోయేవాడు. అతనికి పిల్లలంటే గిట్టదనుకుని, ఆ కోరికను మనసులోనే అణుచుకుంది. చూస్తుండగానే ఆ వయసూ దాటిపోయింది.

ఒక ఆదివారం అతను బయటికి వెళ్ళగానే ఇంటిని బయటినుంచి కొలిచింది. లోపలి గదుల కొలతలు కలిపి చూస్తే పొసగలేదు. తప్పు తనదేనేమోనని మళ్ళీ కొలిచింది. పడకగది దగ్గరే తేడా! బీరువా పక్క సందులోంచి చెయ్యి పెట్టి గోడను తట్టింది. డొల్లగా మోగింది. అది గోడ కాదు, రంగు వేసిన చెక్క. ఇన్నేళ్ళూ దీని పక్కనే పడుకున్నానా... ఏం దాచాడు? ఎవరికోసం దాచాడు? టేపు చుట్టి పక్కన పెట్టి, మంచం మీదే కూర్చుని అతని కోసం ఎదురుచూసింది.

అతను రాగానే సూటిగా అడిగింది. "దాని వెనక ఏముందో మీరు చూపిస్తారా, నన్నే పగలగొట్టుకోమంటారా?"

అతను బీరువా జరిపి, చెక్క ఊడదీశాడు. లోపల చిన్న ఊయల. అందులో ఊలుతో అల్లిన బుల్లి టోపీ.

"జ్వరం కాదు..." అన్నాడతను, టోపీని చేతిలోకి తీసుకుని. "కాన్పులో పోయింది. పాప కూడా. ఇవి పారేయలేక, చూడలేక, నువ్వు రాకముందే ఇలా మూసేశాను. నిన్నూ అలాగే పోగొట్టుకుంటానేమోనని..."

ఆమెకు ముందు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. తన చేతుల మీదుగా ఎన్ని కాన్పులు జరిగాయో! ఒక్క మాట చెప్పి ఉంటే...

"భయం మీది. శిక్ష మాత్రం నాకు వేశారు," అంది.

అతను ఆమె ఒళ్ళో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె తోసేయలేదు, ఓదార్చనూ లేదు. అతని ఏడుపు ఆగాక లేచి, ఊయల దుమ్ము తుడిచి, ముందుగదిలో కిటికీ దగ్గర వెలుతురులో పెట్టింది.

"ఎవరిదని ఎవరైనా అడిగితే..." అతను నసిగాడు.

"మన పాపదని చెప్పండి," అంది ఆమె.