స్టూలు మీద అన్నయ్య

"మీ రేడియోకి కాస్తయినా బుద్ధి ఉందా? మేం ఎనిమిదింటికే తెరుస్తామని చెప్పారట! తొమ్మిదయితే గాని ఇక్కడికి సిమ్ములే రావు!"

ఇలైసానె నాతో అన్న మొదటి మాట అది. తోంగా దీవుల్లోని నేయాఫు రేవులో టూరిస్టులకి సిమ్ కార్డులు, వైఫై కూపన్లు అమ్మే చిన్న గదిలో కౌంటరు ఆమెది. ఆ టూరిస్టుల కోసమే ఎఫ్.ఎం.లో ఇంగ్లీషులో సమాచారం చదివేవాణ్ణి నేను. ఏ దీవిలో సిగ్నల్ వస్తుంది, పేపరు ఎప్పుడొస్తుంది, ఆదివారం ఏ షాపూ ఎందుకు తెరవరు... రోజూ ఇదే పాట. చదివి చదివి నా గొంతంటే నాకే విసుగు పుట్టింది.

ఆ రోజు నుంచి, తప్పు దొర్లకుండా అడిగి రాసుకునే వంకతో రోజూ వెళ్లేవాణ్ణి.

"పేపరు ఎప్పుడొస్తుందని చెప్పమంటారు?"

"పడవొచ్చినప్పుడు."

"మరి పడవ?"

"పేపరొచ్చినప్పుడు!" అని నవ్వేది. పొద్దున్నించీ నిలబడి అలసిపోయిన కళ్లతోనే నవ్వేది.

నాలుగు నెలలూ ఇంతే. పక్కనే స్టూలు మీద ఆమె అన్న సెమిసి ఉండేవాడు మరి. మా తోంగాలో అన్నాచెల్లెళ్లు ఒకచోట ఉంటే వాళ్ల ముందు ప్రేమ ఊసెత్తడం మహా తప్పు. టీవీలో హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకున్నా ఇద్దరిలో ఒకరు లేచి పోవాల్సిందే. ఆ కొండంత మనిషి ముందు నేను నోరు జారితే ఇంకేమైనా ఉందా!

ఇంతలో నన్ను రాజధాని నుకుఅలోఫాకి బదిలీ చేశారు. మధ్యాహ్నం రెండింటికి పడవ. సంచీతో సహా కౌంటరుకి వెళ్లాను.

"ఇవాళేం చదువుతారు, అనౌన్సరుగారూ?"

"ఏమీ లేదు. వెళ్లిపోతున్నాను."

చేతిలో కూపన్ల కట్ట కింద పెట్టేసింది. "మరి రేపట్నుంచి పేపరు ఎప్పుడని ఎవరడుగుతారు?"

"ఎవరో ఒకరు."

ఇప్పుడు చెప్పకపోతే ఈ జన్మలో చెప్పలేను. చెబితే అన్న ముందు ఆమె తల కొట్టేసినట్టవుతుంది. పడవ కూత వేసింది. "వస్తాను," అని సంచీ ఎత్తాను.

సెమిసి లేచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అతను క్యూలో ఉన్నవాళ్ల వైపు తిరిగి, "కౌంటరు మూసేశాం, గంటాగి రండి," అన్నాడు. గొణుగుతున్న టూరిస్టులందర్నీ బయటికి తోలాడు. మా ఇద్దరి వైపూ చూడకుండా, తలుపు ఓరగా వేసి తనూ వెళ్లిపోయాడు.

ఇలైసానె ముఖం కందిపోయింది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం? మా అన్నయ్య ఎంతసేపని ఎండలో నిలబడతాడు, చెప్పు!"

"నువ్వంటే నాకు ప్రాణం," అన్నాను.

"ఈ ముక్కకి నాలుగు నెలలా!" అంటూ ఏడుస్తూనే నవ్వింది.

పడవ నేను లేకుండానే వెళ్లిపోయింది.